గట్టి ఇనుము దాకా

కారు సైలెన్సర్‌కి తుప్పు బయటి నుంచి పడుతుందని చాలామంది అనుకుంటారు. సముద్రపు గాలి తగిలే మా విశాఖపట్నంలో ఆ మాట కొంత నిజమే. కానీ పెద్ద నష్టం లోపలి నుంచి జరుగుతుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. బండి చాలా దూరం నడిచి గొట్టమంతా బాగా వేడెక్కితే ఆ నీరు ఆవిరై బయటికి పోతుంది. ఇంటికీ బజారుకీ మధ్య తిరిగే కారులో గొట్టం అంత వేడెక్కదు. ఆవిరి చల్లబడి సైలెన్సర్ అడుగున నీళ్లై నిలుస్తుంది, పొగలోని ఆమ్లాలు అందులో కలుస్తాయి. పైన రంగు బాగానే కనిపిస్తూ ఉండగా లోపల రేకు పలచబడిపోతూ ఉంటుంది.

మా నాన్నగారి మారుతి 800కి జరిగింది ఇదే. 1983లో మొదటిసారి రోడ్డెక్కి, 2014లో తయారీ ఆగిపోయిన బండి అది. మధ్యతరగతి ఇళ్లలో చాలాకాలం కారంటే అదే. రిటైరయ్యాక నాన్నగారు దాన్ని రైతుబజారుకీ గుడికీ తప్ప బయటికి తీయరు. సైలెన్సర్ డబ్బాకి ముందున్న గొట్టానికి బొక్క పడింది. చప్పుడు ఒక్కటే అయితే కొన్నాళ్లు ఓర్చుకోవచ్చు. కానీ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కారు కింద కారిన వాయువు లోపలికి చేరితే కూర్చున్నవాళ్లకి తెలియను కూడా తెలియదు. నాన్నగారూ అమ్మా తిరిగే బండి. వాయిదా వేయగల పని కాదు.

మొత్తం సైలెన్సర్ మార్చేయవచ్చు. అయితే డబ్బా గట్టిగానే ఉంది, పాడైంది గొట్టంలో ఒక ముక్క. దానికోసం అంతా పారేయడానికి మనసొప్పలేదు. వెల్డింగ్ నేర్చుకోవాలన్న కోరిక కూడా ఎప్పటి నుంచో ఉంది. మా పక్కింటి మావయ్యగారు హిందుస్థాన్ షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. 1948లో ‘జలఉష’ ఓడ నీళ్లలోకి దిగిన యార్డు అది. అడగ్గానే నేర్పుతానన్నారు. వెనకటి ట్రాన్స్‌ఫార్మర్ వెల్డింగ్ మిషన్ అయితే కదపడానికే ఇద్దరు కావాలి. ఇప్పటి ఇన్వర్టర్ మిషన్‌ని ఒంటిచేత్తో తెచ్చి పెరట్లో పెట్టుకోవచ్చు.

ముందుగా బ్యాటరీ నెగెటివ్ వైరు తీయించారు. తరవాత గొట్టాన్ని కారు నుంచి పూర్తిగా విప్పించారు. పెట్రోలు ట్యాంకు దగ్గర నిప్పురవ్వలు ఎగరకూడదు, అందులో రాజీ లేదు. విప్పాక వెల్డింగ్ రాడ్డు పట్టే హోల్డర్ ఇస్తారనుకుంటే చిన్న సుత్తి చేతిలో పెట్టారు.

“పొడవునా మెల్లగా కొట్టుకుంటూ పోమ్మా. చెవి అక్కడే పెట్టు,” అన్నారు.

గట్టి ఇనుము ఖంగుమంటుంది. పుచ్చిన చోట చప్పుడు డొల్లగా ఉంటుంది. బొక్కకి నాలుగు వేళ్ల అవతల కూడా డొల్ల చప్పుడే వినిపించింది. అక్కడ స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కితే లోపలికి దిగింది. ఆయన సుద్దముక్కతో రెండు గీతలు గీసి, మధ్యలోదంతా కోసెయ్యమన్నారు. బొక్క బొటనవేలంత, కోయమన్నది జానెడు.

“మంచిది కూడా పోతోందేమో మావయ్యా?”

“మంచిది తగిలేదాకే కోస్తున్నాం. తుప్పు మీద రాడ్డు పెడితే ఏం పట్టుద్ది? కరిగిపోయి బొక్క ఇంకా పెద్దదవుద్ది.”

ఆ మాటలో వెల్డింగ్ శాస్త్రం చాలానే ఉంది. ఉక్కు దాదాపు 1,500 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాడ్డుకీ ఇనుముకీ మధ్య వెలిగే ఆర్క్ వేడి అంతకు కొన్ని రెట్లు. దళసరి ఇనుము ఆ వేడిని పక్కలకి పంచుకుంటుంది. పలచబడ్డ రేకుకి పంచుకోవడానికి ఏమీ మిగలదు కనుక క్షణంలో జారిపోతుంది. తుప్పు అంటేనే ఆక్సిజన్‌తో కలిసిపోయిన ఇనుము. అది కరిగిన లోహంలో కలిస్తే అతుకు బుడగలు పడి గుల్లబారుతుంది. అందుకే రాడ్డు వెలిగించడానికి ముందు జరిగే పనే ఎక్కువ: కోయడం, వైరు బ్రష్షుతో రుద్దడం, తళతళమనే లోహం కనపడేదాకా గ్రైండింగ్ చేయడం. అతుకు ముక్కకోసం దుకాణానికి వెళ్తే జీఐ గొట్టం చూపించారు. మావయ్యగారు వద్దన్నారు. దాని మీది జింకు పూత కాలి వచ్చే పొగ పీలిస్తే ఆ రాత్రికే చలిజ్వరం వస్తుంది. పూత లేని మామూలు ఉక్కు (ఎమ్మెస్) గొట్టమే తెచ్చుకున్నాం.

తుక్కు ముక్కల మీద చెయ్యి తిప్పడం నేర్పుతూ ఆయన పదే పదే ఒకటే అనేవారు: “వెలుగుని చూడకమ్మా, మడుగుని చూడు.” నల్లద్దం వెనకనుంచి మొదట కనిపించేది కాంతి మాత్రమే. కొన్నాళ్లకి దాని వెనక కరిగిన ఇనుము చిన్న మడుగులా కదలడం తెలుస్తుంది. అది వెడల్పవుతుంటే వేడి ఎక్కువైందని, ఉబ్బి కుప్పగా నిలిస్తే చాలలేదని అర్థం. చెవి కూడా చెబుతుంది. కరెంటు సరిపోయినప్పుడు ఆర్క్ చప్పుడు మూకుట్లో బూరెలు వేగుతున్నట్టు నిలకడగా ఉంటుంది.

రాడ్డు మీది పూత సంగతి తెలిశాక ఈ పని మీద గౌరవం ఇంకా పెరిగింది. కరిగిన ఇనుముకి గాలి తగిలితే అందులోని ఆక్సిజన్, నైట్రోజన్ దాన్ని పెళుసుబారుస్తాయి. పూత కాలి వాయువై మడుగుని కప్పుతుంది, స్లాగ్‌గా గడ్డకట్టి చల్లారేదాకా కాపాడుతుంది. ఈ పూత రాడ్డుని కనిపెట్టింది స్వీడన్‌కి చెందిన ఆస్కార్ చెల్‌బెర్గ్, 1904లో ఈసాబ్ కంపెనీ పెట్టినాయన. గోథెన్‌బర్గ్ రేవులో ఓడల బాయిలర్లు రివెట్ల దగ్గర కారుతుంటే వాటిని బాగుచేయడానికి దారి వెతుకుతూ ఆయన దీన్ని చేరుకున్నాడు. ఇవాళ వంతెనలనీ ఓడలనీ నిలబెడుతున్న విద్యలో ఇంత ముఖ్యమైన భాగం పాతదాన్ని బాగుచేయాలన్న పట్టుదలలోంచి పుట్టిందంటే నాకు సంతోషం కలుగుతుంది.

గొట్టం అతికించేటప్పుడు ముందు నాలుగు పక్కలా ఎదురెదురుగా చుక్కలు పెట్టించారు. ఒకే వైపు కొడితే లోహం చల్లారుతూ కుదించుకుని గొట్టాన్ని అటు లాగేస్తుంది. ఆ తరవాత 2 మి.మీ. రాడ్డుతో, తక్కువ కరెంటుతో, వేలెడేసి కుట్లు. ఒక కుట్టు చల్లారాకే ఎదుటి వైపు ఇంకొకటి. వేడి దళసరి ముక్క మీద పెట్టి, కరిగినదాన్ని పలచని రేకు మీదికి జరపాలి. బిగించాక ఆరుబయట ఇంజను ఆన్ చేసి, వెనక గొట్టానికి మందపాటి గుడ్డ క్షణంసేపు అడ్డం పెట్టి విన్నాం. అతుకు చుట్టూ బుస్సుమనే చప్పుడు ఎక్కడా లేదు. “బాగుందమ్మా,” అన్నారు మావయ్యగారు. ఆయన అనవసరంగా మెచ్చుకునే మనిషి కాదు.

ఆ సుత్తి పాఠం తరవాత మా ఇంటి స్లాబు దగ్గర అక్కరకొచ్చింది. తీరప్రాంతపు ఇళ్లలో ఉప్పు కాంక్రీటులోకి దిగి కమ్మీలకి తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. ఊడిన చోట సిమెంటు పులిమి రంగు వేయడం అందరూ చేసేదే. తుప్పు లోపల తన పని తాను చేసుకుంటూ పోతుంది. మేం మేస్త్రీ చేత డొల్లగా పలికిన ప్రతిచోటా గట్టి కాంక్రీటు తగిలేదాకా కొట్టించాం, కమ్మీ చుట్టూ తెరిపించి శుభ్రంగా రుద్దించాం, ఆ తరవాతే పూడ్పించాం. గది కొన్నాళ్లు చూడలేనట్టు ఉంది. ఖర్చు కూడా పెరిగింది. అయినా అదే సరైన పని అని ఈసారి ఎవరూ నాకు చెప్పనక్కర్లేకపోయింది.

పాడైన వస్తువు ఎదురైతే కనపడే బొక్కని త్వరగా మూసేయాలని చెయ్యి తొందరపడుతుంది. అది సహజమే. కానీ చెడు ఎంతదాకా పాకిందో, గట్టిది ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోకుండా వేసిన అతుకు ఎవరి చేతిదైనా నిలవదు. వెతికినా గట్టి చోటు దొరకని రోజు వస్తే ఆ వస్తువుని మార్చేయడమూ సబబే. మరమ్మతుకి కావలసిన ధైర్యం నిప్పు దగ్గర నిలబడే ధైర్యం అనుకునేదాన్ని. అంతకంటే ముందు, చెడినదాన్ని పూర్తిగా చూడగలిగే ధైర్యం కావాలి. అది ఉన్నవాళ్లకి రాడ్డు పట్టుకోవడం ఏ వయసులోనైనా వస్తుంది.