బా బండి మీద పేరు

ఈ గ్రూపులో స్కాలర్‌షిప్పుల మీద, సీట్ల మీద పెద్ద పెద్ద పోస్టులు పెడుతరు. నాది చిన్న ముచ్చట. బండి ట్యాంకు మీద ఊడిపోయిన కంపెనీ పేరును మళ్లీ గట్టిగ ఎట్ల అతికించాలె అని. షాపులల్ల దాన్ని మోనోగ్రాం అంటరు. నవ్వేటోళ్లు నవ్వుండ్రి, రెండుసార్లు ఫెయిలయి మూడోసారి నేర్చుకున్న పని ఇది.

మాది ఆమనగల్లు దిక్కు తండా. నేను శంషాబాద్‌లో హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గేటు దాటింది నేనే మొదలు. 2011ల మా బా పుణెల మట్టి పని చేసి వచ్చి, ఆ పైసలతోని సెకండ్ హ్యాండ్ స్ప్లెండర్ కొన్నడు. నల్ల బండి, ట్యాంకుకు రెండు దిక్కుల హీరో హోండా అని ఉబ్బెత్తు ఇంగ్లిష్ అక్షరాలు. అవి కంపెనీవో, ముందటి ఓనరు పెట్టించినవో తెల్వదు. నేను అప్పుడు ఒకటో తరగతి. బా నన్ను ట్యాంకు మీద కూసోబెట్టి, పలక చేతికిచ్చి, "ఇవి రాయి" అనేటోడు. తొమ్మిది అక్షరాలు, కానీ రకాలు ఏడే. హెచ్, ఈ, ఆర్, ఓ, ఎన్, డి, ఏ. బడిల ఏబీసీడీ రాకముందే నాకు ఈ ఏడు వచ్చినయి. బాకు ఇప్పటికీ సంతకం రాదు, వేలిముద్రనే. కానీ సంతల వంద నల్ల స్ప్లెండర్లు నిలబెట్టినా, ఆ పేరు మీద బొటనవేలు రుద్ది తన బండి గుర్తువడ్తడు. ఆ హోండా పక్కన ఒక గీత ఉంటది, అది ఆయనకే తెలుసు.

పోయినేడాది బండి నాకిచ్చిండు, సాయంత్రాలు పార్సిల్ డెలివరీ చేసుకుంట చదువుకోమని. ఒకరోజు వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే ప్రెషర్ నీళ్లకు ఎడమ దిక్కు పేరు లేచింది. జేబుల వేసుకొని వచ్చి ఫెవిక్విక్ పెట్టిన. పది సెకన్లల్ల పట్టింది, సంబరపడ్డ. తప్పు అక్కడే. ఆ గమ్ము గట్టిదే కానీ ఎండినంక గాజు లెక్క పెళుసు. ఎండకు ట్యాంకు ఇనుము ఒకతీరు సాగుతది, ప్లాస్టిక్ ఇంకోతీరు. కింద ఇంజన్ వణుకు ఉండనే ఉంటది. పెళుసు గమ్ము ఎక్కడనో ఒకచోట పగులుతది. పైంగ దాని ఆవిరికి చుట్టూ పెయింటు మీద తెల్లగ బూజు లెక్క పట్టింది. పదిహేను రోజులకు ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఎక్కడనో పడిపోయింది, పెయింటు చెక్కుతోని సహా. గీతతోని ఉన్న పేరు అదే. రాత్రి ఫోన్ లైటు పట్టుకొని రెండు కిలోమీటర్లు ఎతికిన, దొరకలే.

ఫోన్‌ల బాకు చెప్తే కొంచెం సేపు మాట్లాడలే. "పేరు పోయిందా" అన్నడు, అంతే. తిట్టినా బాగుండు.

కొత్తది కొందామని అఫ్జల్‌గంజ్‌ల బస్సు దిగి పుత్లీబౌలికి నడిచిన. అందరూ ఉత్త హీరో అని ఉన్నదే చూపిస్తున్నరు. 1984ల కలిసిన కంపెనీలు 2010 డిసెంబర్‌ల విడిపోయినయి, 2011 ఆగస్టుల కొత్త పేరు, కొత్త గుర్తు వచ్చినయి. అంటే బా ఈ బండి కొన్న ఏడే ఆ పేరుకు కాలం చెల్లింది, మాకు తెల్వదు. నాలుగో షాపుల పెద్దమనిషి పాత స్టాకుల నుంచి దుమ్ము పట్టిన జత తీసిండు. "హోండా పోయి ఎన్నేండ్లాయె తమ్మీ" అని నవ్విండు.

రెండోసారి స్టేషనరీ షాపు తెల్ల డబుల్ టేపు పెట్టిన. ట్యాంకు తుడవనీకి కరోనా అప్పటి శానిటైజర్ వాడిన. అది స్పిరిట్ లెక్కనే ఉంటది గానీ, చేతులు పగలకుండ దాంట్ల గ్లిజరిన్ కలుపుతరు. ఆ జిడ్డు మీద టేపు పట్టదు. మూడు రోజులకు అంచులు లేచినయి.

మూడోసారి ఆగి ఆగి చేసిన. వేడినీళ్లల్ల ముంచిన గుడ్డ కాసేపు దాని మీద కప్పి, గాలం దారాన్ని రంపం తీరు వెనుక నుంచి లాగితే పేరు ఊడొచ్చింది. స్క్రూడ్రైవర్ పెడితే పెయింటు పోతది, పెట్టకుండ్రి. మిగిలిన గమ్మును బొటనవేలితోనే రుద్ది తీసిన. సబ్బునీళ్లతోని కడిగి ఆరబెట్టిన. ఆ తర్వాత సెల్‌ఫోన్ రిపేర్ షాపుల బోర్డులు తుడిచే ఐపీఏ ఉంటది కదా, అది అడిగి ఇంత తెచ్చుకొని తుడిచిన. తుడిచినంక అక్కడ వేలు పెట్టొద్దు.

టేపు కూడ మార్చిన. కారు అద్దాల పక్కన పట్టీలు అతికించే 3ఎం వీహెచ్‌బీ, బూడిద రంగుది. రబ్బరు లెక్క సాగుతది కాబట్టి వణుకును, ఎండను తట్టుకుంటది. అంచుకు రెండు మిల్లీమీటర్లు లోపలికే కత్తిరించాలె, లేకపోతే బయటికి కనవడి దుమ్ము పడుతది. ఇంకోటి, కొత్త పేరు సాపుగ ఉంది, మా ట్యాంకేమో వంపు. దాన్ని అట్లనే అతికిస్తే మూలలు ఎప్పుడూ పైకి గుంజుతనే ఉంటయి. అందుకే ముందు గోరువెచ్చని నీళ్లల్ల ఉంచి, మెల్లగ ట్యాంకు వంపుకు ఒంచిన. ఎక్కడ పెట్టాల్నో గుర్తుకు, కుడి దిక్కు పేరు మీద న్యూస్‌పేపర్ పెట్టి అచ్చు తీసి, తిప్పి ఎడమ దిక్కు పెట్టి మాస్కింగ్ టేపు అంటించిన.

పెట్టినంక ఒక్కో అక్షరం మీద అర నిమిషం బలంగ ఒత్తాలె. ఇరవై నిమిషాలల్ల సగం బలమే వస్తది, ఒక రోజుకు తొంభై శాతం, పూర్తిగ పట్టనీకి మూడు రోజులు. ఆ మూడు రోజులు బండిని హాస్టల్ మెట్ల కింద నీడల పెట్టిన. డెలివరీలు పోయినయి, పైసలు పోయినయి, పోనీ. పెట్రోల్ కొట్టించేటప్పుడు మాత్రం మూత పక్కన ఒలికితే ఎంటనే తుడవాలె.

తీజ్‌కి ఊరికి పోయిన. ఔటర్ మీద టూ వీలర్లను పోనియ్యరు కాబట్టి కింద సర్వీస్ రోడ్డున తుక్కుగూడ దాకా, అక్కడి నుంచి శ్రీశైలం రోడ్డు. కందుకూరు దాటినంక వాన దంచింది. కడ్తాల్‌ల ఆపి ముందు పేరే చూసిన. కదల్లే.

ఇంటి ముందట యాడి చేతుల సంచి అందుకుంది. బా నా దిక్కు చూడలే, బండి చుట్టూ తిరిగిండు. తడి ట్యాంకు మీద బొటనవేలు పెట్టి ఒక్కో అక్షరం తడిమిండు, గీత ఉండే జాగల ఆగిండు. మళ్ల కుడి దిక్కు పోయిండు, మళ్ల ఎడమ దిక్కు వచ్చిండు.

"ఇది అంత కిందికి పెట్టినవ్ రా" అన్నడు.

స్కేలు పెట్టి కొలిచిన. మూడు మిల్లీమీటర్లు.