ఏడుగురు బాండ్లు, ఒక్కడూ నవ్వించడు

మీరు బాండ్ సినిమాల అభిమానులా? అయితే ఇలా దగ్గరగా జరగండి, మీ అభిమానం కాస్త తగ్గించే కబురు ఒకటుంది. ‘కేసినో రాయల్’ అనగానే 2006లో డేనియల్ క్రెయిగ్ పరిగెత్తిన సినిమా గుర్తొస్తుంది కదూ? నేననేది అది కాదు. అదే పేరుతో 1967లో బాండ్‌ని వెక్కిరిస్తూ ఇంకోటి వచ్చింది. దాని సంగతి.

తారాగణం చదివితే ఎవరికైనా ఆశ పుడుతుంది. డేవిడ్ నివెన్, పీటర్ సెల్లర్స్, ఆర్సన్ వెల్స్, ఉర్సులా ఆండ్రెస్, డెబోరా కెర్, విలియం హోల్డెన్, వుడీ అలెన్. పీటర్ ఓటూల్ అంతటివాడు ఇలా కనిపించి అలా పోతాడు. ఇంతమంది ఉన్న సినిమా బాగోకపోవడానికి ఎంత కష్టపడాలో ఆలోచించండి. వాళ్ళు నిజంగానే అంత కష్టపడ్డారు.

అసలు ఈ వెక్కిరింపు పుట్టిందే బేరం కుదరక. ‘కేసినో రాయల్’ 1953లో అచ్చయిన ఇయన్ ఫ్లెమింగ్ మొట్టమొదటి బాండ్ నవల. దీని హక్కులు మాత్రం మిగతా నవలలతో పాటు అసలు బాండ్ సినిమాల నిర్మాతలు బ్రోకలీ, సాల్ట్‌జ్‌మన్‌ల చేతికి వెళ్ళలేదు. చేతులు మారి మారి చార్లెస్ ఫెల్డ్‌మన్ అనే నిర్మాత దగ్గరికి చేరాయి. కలిసి తీద్దామని ఆయన వాళ్ళతో మాట్లాడాడు, కుదరలేదు. వాళ్ళ దగ్గర బాండ్ వేషం వేసే షాన్ కానరీ ఉన్నాడు. ఈయన దగ్గర నవల ఒక్కటే ఉంది. పోటీపడి గెలవలేనప్పుడు ఎగతాళి చేస్తే సరి అనుకున్నాడు. 1965లో ‘వాట్స్ న్యూ పుస్సీక్యాట్’ అనే అల్లరి సినిమాతో బాగా గడించి ఉన్నాడు కాబట్టి ధైర్యానికీ లోటు లేదు.

కథ చెప్పమంటారా? ప్రయత్నిస్తాను. అసలు సిసలు జేమ్స్ బాండ్ రిటైరైన పెద్దమనిషి. శత్రువుల్ని గందరగోళపెట్టడానికి గూఢచారులందరికీ జేమ్స్ బాండ్ 007 అనే పేరు పెట్టేయిస్తాడు. అలా ఆడా మగా కలిపి ఏడుగురు బాండ్లు తయారవుతారు. శత్రువులు గందరగోళపడ్డారో లేదో గానీ మనం మాత్రం పడతాం. చివరికి అసలు విలన్ ఎవరయ్యా అంటే బాండ్‌గారి మేనల్లుడు, వుడీ అలెన్. ఆడవాళ్ళందర్నీ అందగత్తెల్ని చేసి, నాలుగున్నర అడుగులకన్నా పొడుగైన మగవాళ్ళందర్నీ చంపేయాలని అతగాడి పథకం. ఈ ఊహ బాగుంది చూశారా! సినిమా మొత్తం దీనిమీద నడిపి ఉంటే ఎంత బాగుండేది! రెండు గంటల పదకొండు నిమిషాల సినిమాలో దీనికి దక్కింది చివరి కాస్త భాగమే.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచనంటారు కదా, ఇక్కడ తెరమీద పేరు పడ్డ దర్శకులే ఐదుగురు. జాన్ హ్యూస్టన్ తన ముక్క తీసి వెళ్ళిపోయాడు. కెన్ హ్యూస్, రాబర్ట్ పారిష్, జో మెక్‌గ్రాత్ ఎవరి ముక్క వాళ్ళు తీశారు. ఈ ముక్కల్ని కలిపి కుట్టే పని వాల్ గెస్ట్ నెత్తిన పడింది. రచయితల సంగతి అడక్కండి, పేరు పడ్డవాళ్ళకన్నా పడనివాళ్ళే ఎక్కువ.

దానికి తోడు సెల్లర్స్‌కీ వెల్స్‌కీ క్షణం పడలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పేకాడాల్సిన ఘట్టమే ఈ కథకి గుండెకాయ. దాన్ని చాలావరకు ఒకరు లేనప్పుడు ఇంకొకరితో తీసి అతికించారు. ఈసారి చూస్తే గమనించండి, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఉన్నా ఒకే గదిలో ఉన్నట్టుండరు. ఆపైన సెల్లర్స్ తన పాత్ర పూర్తికాకుండానే వెళ్ళిపోయాడు. 60 లక్షల డాలర్లనుకున్న ఖర్చు దాదాపు రెట్టింపైంది.

ఇదంతా తెరవెనుక గొడవ. గొడవల్లో పుట్టిన మంచి సినిమాలు లేవా అంటే బోలెడున్నాయి. దీని జబ్బు వేరు. ఇందులో ఒక్కడూ తన పాత్రని నమ్మడు. అందరూ మనవైపు తిరిగి కన్నుగీటేవాళ్ళే. మన ‘చంటబ్బాయ్’ తీసుకోండి. 1986లో జంధ్యాల తీసింది. అందులో చిరంజీవి జేమ్స్ పాండ్ అని చెప్పుకు తిరుగుతాడు. తానో గొప్ప డిటెక్టివ్‌నని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. అతను నమ్మాడు కాబట్టే మనకి నవ్వొస్తుంది, చివర్లో అతనిమీద జాలీ కలుగుతుంది. ‘కేసినో రాయల్’ వాళ్ళకి కోట్లు ఖర్చుపెట్టినా దొరకనిది అదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. అప్పటికే బాండ్ తనని తాను వెక్కిరించుకుంటున్నాడు. 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’ మొదట్లో కానరీ నీళ్ళలోంచి వచ్చి ఈతదుస్తులు విప్పితే లోపల నలగని తెల్లకోటు ఉంటుంది. అంత నిబ్బరంగా తనమీద తనే జోకేసుకునేవాణ్ణి మీరేం ఎగతాళి చేస్తారు చెప్పండి? చేయలేకే కాబోలు, ఈ సినిమా ఆఖరి కొట్లాటలోకి గుర్రాలమీద కౌబాయ్‌లనీ పారాచూట్లలో రెడ్ ఇండియన్లనీ దించేశారు. ఆపైన బాంబు పేల్చి అందర్నీ స్వర్గానికి పంపేశారు. మేనల్లుణ్ణి మాత్రం కిందికి. మన దగ్గర కృష్ణగారు ‘గూఢచారి 116’ చేసింది దీనికి ముందటి ఏడాది. అందులో వెక్కిరింత లేదు, సూటిగా తుపాకీ పట్టుకుని వెళ్ళిపోయారు. జనం ఆయన వెంట వెళ్ళారు.

పూర్తిగా దండగ అంటే పాపం చుట్టుకుంటుంది. బెర్లిన్ గూఢచారి బడి ఘట్టంలో వంకరటింకర గోడలు చూడటానికి భలే ఉంటాయి. తుపాకీ గుళ్ళని తప్పించుకోవడానికి వుడీ అలెన్ గోడ దూకితే అవతల ఇంకో తుపాకుల వరస సిద్ధంగా ఉంటుంది, అక్కడ గట్టిగానే నవ్వాను. ఇక బర్ట్ బాకరాక్ సంగీతం. డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ పాడిన ‘ద లుక్ ఆఫ్ లవ్’ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. ఈ సినిమా పేరు వినని వాళ్ళు కూడా ఆ పాట వినే ఉంటారు.

అన్నట్టు సినిమాకి డబ్బులు బాగానే వచ్చాయి. 1967 ఏప్రిల్‌లో ఇది, జూన్‌లో కానరీ ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’. జనం రెండూ చూశారు. ఫెల్డ్‌మన్‌కి మాత్రం ఇదే ఆఖరి సినిమా, మరుసటి ఏడాదే పోయాడు.

కాబట్టి నా మాట వినండి. ఆ పాట వినండి, వుడీ అలెన్ ఉన్న చోట్లు చూడండి, మిగతాది వదిలేయండి. మిగిలిన సమయంలో ‘చంటబ్బాయ్’ ఇంకోసారి చూడొచ్చు.