అద్దాల గోడ

గాజుమీద మన జనానికి ఇప్పుడు మహా మోజు పట్టుకుంది. ఇల్లు కడుతున్నామనగానే, "ఆ గోడంతా అద్దమే పెట్టించండి, దర్జాగా ఉంటుంది" అని సలహా చెప్పేవారు పదిమంది తయారు. బెజవాడలో ఇల్లు మొదలుపెడుతూ మా అబ్బాయీ అదే అన్నాడు. అదీ పడమటి గోడకి! ఆ గది ఎవరిదయ్యా అంటే, ఆయాసంతో బాధపడే మా ఆవిడది. ఇక నేను నోరు విప్పక తప్పలేదు.

గాజు గుణం విచిత్రమైనది. ఎండను లోపలికి రానిస్తుంది. ఆ ఎండకు కాగిన నేలా, మంచమూ వెలువరించే వేడిని మాత్రం సూటిగా బయటికి పోనివ్వదు. లోపల తెర వేసినా ప్రయోజనం తక్కువే. వేడి అప్పటికే గడప దాటింది. ఆపదలిస్తే బయటే ఆపాలి. దక్షిణపుటెండ మిట్టమధ్యాహ్నం పైనుంచి పడుతుంది గనుక చిన్న సన్‌షేడ్‌కు లొంగుతుంది. పడమటి ఎండ అలా కాదు. కిందికి వాలి, అప్పులవాడిలా తిన్నగా గదిలోకి వచ్చేస్తుంది. దానికి బయట వెదురు తడికో, చెట్టో అడ్డం ఉండాలి.

"పూత పూసిన రెండు పలకల గాజు వేయిద్దాం నాన్నా, వేడిని ఆపుతుంది" అన్నాడు మావాడు.

నిజమే, చాలామటుకు ఆపుతుంది. మరి గాలి మాటేమిటి? ఇళ్ళ నిర్మాణానికి కేంద్ర ప్రభుత్వం 2018లో వెలువరించిన 'ఎకో నివాస్ సంహిత' ప్రకారం, మనవంటి ఉక్కపోత ప్రాంతాల్లో నేల వైశాల్యంలో ఆరోవంతుకు తగ్గకుండా తెరుచుకునే కిటికీలూ, తలుపులూ ఉండాలి. "తెరుచుకునే" అన్నమాట గమనించండి! జరిపే రెండు తలుపుల కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకుంటుంది. పైగా గాలి వచ్చే దారి ఉంటే చాలదు, పోయే దారీ ఉండాలి.

అలాగని గాజు వద్దనను. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలో ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేసి, 1984లో ఒక సంగతి ప్రకటించాడు. పిత్తాశయం ఆపరేషన్ అయినవారిలో, కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుకగోడ మాత్రమే కనిపించినవారికంటే త్వరగా ఇల్లు చేరారట. నొప్పికి బలమైన మందులూ తక్కువే వాడారట. వెలుతురూ, పచ్చదనమూ రోగికి అంత ఆసరా అన్నమాట.

ఈ సంగతులన్నీ విని మావాడు ప్లాను మార్చాడు. పెద్ద అద్దం ఉత్తరానికి, వేపచెట్టు వైపుకు జరిగింది. అందులో రెండు రెక్కలు బార్లా తెరుచుకుంటాయి. పడమట పైన చిన్న కిటికీ, దానికి బయట తడిక.

మా ఆవిడ ప్లానంతా శ్రద్ధగా చూసి ఒక్కటే అడిగింది: "బాగానే ఉంది గాని, ఆ అద్దం తుడిచేదెవరు?"

ఆ సంగతి ఏ సంహితలోనూ లేదు!