లైటు దగ్గర తలకాయ పెట్టి చూడు

రాత్రి పదిన్నర. బెంగళూరులో ఒక పరిశోధన సంస్థ, కింది అంతస్తులో ఎంఆర్ఐ గది. మెషీన్ లోపల ఒక అమ్మాయి పడుకొని ఉంది. అద్దం ఇవతల నేను కంప్యూటర్ స్క్రీన్ చూస్తున్నా. బుగ్గ కనపడుతోంది, కనుబొమ్మ కనపడుతోంది. కన్ను ఉండాల్సిన చోట మాత్రం బొగ్గులాంటి నలుపు.

నా పనేంటో చెప్తా. మనం ఒక బొమ్మ చూస్తున్నప్పుడు మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో ఎంఆర్ఐతో తెలుసుకోవచ్చు. రక్తంలోని ఆక్సిజన్ తేడాతో దాన్ని పట్టుకోవచ్చని 1990లో జపాన్ శాస్త్రవేత్త సేజీ ఒగావా చూపించాడు. సరే, కానీ లోపల పడుకున్న మనిషి నిజంగా బొమ్మనే చూస్తున్నాడా? నిద్రపోయాడా? ఆ డబడబ చప్పుడులో కూడా నిద్రపోతారు, నమ్మండి. అందుకే కంటి మీద ఒక కెమెరా.

దానికి ఇన్‌ఫ్రారెడ్ లైటు కావాలి. టీవీ రిమోట్‌లో ఉండేది అదే. ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు రిమోట్ బటన్ నొక్కి చూడండి, చాలా ఫోన్లలో ఊదారంగు చుక్క మెరుస్తుంది. ఆ వెలుగు కంటి మీద చిన్న మెరుపులా పడుతుంది. ఆ మెరుపుకూ నల్లటి కంటిపాపకూ మధ్య దూరం లెక్కేసి చూపు ఎటు పోతోందో సాఫ్ట్‌వేర్ చెప్తుంది. కాటుక పెట్టుకొస్తే తుడుచుకోమంటాం. సాఫ్ట్‌వేర్‌కు కాటుకా ఒకటే, కంటిపాపా ఒకటే!

చిక్కంతా ఇవి పెట్టే చోటుతోనే. మాది 3 టెస్లా అయస్కాంతం, భూమి అయస్కాంత శక్తికి సుమారు 60 వేల రెట్లు. ఇనుప స్టాండు తీసుకెళ్తే ఎగిరిపోయి మెషీన్‌కు కొట్టుకుంటుంది. కెమెరా, లైటు రెండూ సొరంగం వెనక చివర, బొమ్మలు చూపే తెర కింద ఉంటాయి. అక్కడి నుంచి వెలుగు తల చుట్టూ పంజరంలా ఉండే కాయిల్ సందులోంచి దూరి, కళ్లపైన ఉన్న చిన్న అద్దం మీద పడి, కంటికి చేరాలి.

ఆ రాత్రి లైటు పవర్ పెంచా. బుగ్గ ఇంకా తెల్లబడింది, కన్ను మారలేదు. అద్దం తిప్పా. సాఫ్ట్‌వేర్ సెట్టింగులన్నీ కెలికా. నలభై నిమిషాలు పోయాయి. పగలంతా పేషెంట్లు, మాకు దొరికేదే రాత్రి ఒక గంట. "అన్నా, ఇంకా ఎంతసేపు?" మైకులో ఆ అమ్మాయి గొంతు వణికింది. బయటికి తీసుకొచ్చేశా. "పర్లేదన్నా, శనివారం మళ్లీ వస్తా" అంది. తిట్టినా బాగుండేది.

"ఈసారీ కుదరకపోతే కెమెరా లేకుండానే కానిద్దాం" అన్నారు మా మేడమ్. అంటే నా ఏడాది పని చెత్తబుట్టకే.

బద్వేలులో మా నాయనకు ఫోటో స్టూడియో ఉంది. ఇప్పుడక్కడ ఫోటోలకంటే జిరాక్సులే ఎక్కువ. చిన్నప్పుడు గొడుగు లైటు పట్టుకొని నిలబడమంటే చేతులు నొప్పని విసుక్కునేవాణ్ని. ఫోన్లొచ్చాక ఆ విద్యకు కాలం చెల్లిందనే అనుకున్నా. నా పని గురించి ఆయనకెప్పుడూ చెప్పలేదు, ఏం అర్థమవుతుందిలే అని. ఆదివారం ఫోన్ చేసి "ఏంరా, గొంతు అట్లుండాది?" అంటే మొత్తం చెప్పేశా.

"కెమెరాలోంచి మనిషి కనపడతాండాడా?"

"బాగానే కనపడుతోంది నాయనా."

"కెమెరాకు కనపడితే సరిపోతాదా? లైటుకు కనపడాల గదరా. లైటు యాడ పెట్టినావో ఆడ నీ తలకాయ పెట్టి చూడు. నీకు ఏది కనపడకపోతే దానిమీద నీడ పడినట్లే."

శనివారం ఆ అమ్మాయి మాటమీద నిలబడి వచ్చింది. లైటు ఆపి, సొరంగం వెనక వంగి, లైటు పక్కన చెంప ఆనించి చూశా. చిన్న అద్దంలో బుగ్గ కనపడింది, కనుబొమ్మ కనపడింది. కంటికి సరిగ్గా అడ్డంగా కాయిల్ కమ్మీ! కెమెరా జానెడు అవతల ఉంది కాబట్టి దానికి ఆ కమ్మీ అడ్డం రాలేదు. ఇన్ని రోజులు నేను కెమెరా వైపు నుంచే చూశా.

లైటును మూడు వేళ్లంత పక్కకు జరిపి ప్లాస్టిక్ స్క్రూ బిగించా. బయటికొచ్చి చూస్తే స్క్రీన్ మీద గుండ్రటి కంటిపాప, దాని పక్కనే ఆవగింజంత మెరుపు. తెర మీద చుక్క ఎటు జరిగితే చూపు అటే జరుగుతోంది.

స్కాన్ అయ్యాక ఆ అమ్మాయిని అడిగి, ఆ కన్ను ఉన్న స్క్రీన్‌ను ఫోటో తీసి నాయనకు పంపించా. రెండు నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది.

"బాగుంది. ఎడమ పక్క ఇంకా కొంచెం నీడ ఉండాది, చూసుకో."

జూమ్ చేసి చూశా. ఉంది.