రోడ్డు దాటితే బడి

షికాగో అంటే మనకు వివేకానందుడు గుర్తొస్తాడు. వెళ్లొచ్చినవాళ్లకైతే విల్లిస్ టవర్, మిషిగన్ సరస్సు, సాయంత్రం డెవాన్ అవెన్యూలో మసాలా దోసె. మా అబ్బాయి 2019లో ఇవన్నీ చూపించాడు. ఇంకేం చూస్తావు నాన్నా అంటే, కాబ్రీనీ-గ్రీన్ అన్నాను. ‘అక్కడేముంది, టార్గెట్ షాపు తప్ప’ అని నవ్వాడు.

క్లార్క్-డివిజన్ స్టేషన్లో దిగి పడమటికి నడిచాం. వెనక గోల్డ్‌కోస్ట్, అంటే మన బంజారాహిల్స్ లాంటిదన్నమాట. పావుగంట నడవగానే ఆ షాపు. 2013లో తెరిచారట. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలే పేదలకోసం సర్కారు కట్టిన ఇళ్లు. మొదట 1942లో రెండంతస్తుల వరస ఇళ్లు, 1958 నాటికి ఎర్ర ఇటుకల మేడలు, 1962లో తెల్ల కాంక్రీటు టవర్లు. మొత్తం సుమారు 3,600 ఫ్లాట్లు, బాగా నిండినప్పుడు పదిహేను వేలమంది జనం.

కొత్తలో అందరూ సంబరపడే చేరారు. మురికివాడలోంచి వచ్చినవాళ్లకు వేడినీళ్లు వచ్చే కుళాయి చిన్న సంగతి కాదు కదా! తర్వాత చుట్టుపక్కల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మరమ్మతులకు డబ్బుల్లేవు. లిఫ్టు ఆగితే ఆగినట్టే, మెట్లమీద బల్బు పోతే పోయినట్టే. పై అంతస్తుల్లో వరండాలకు కింది నుంచి పైదాకా ఇనుప వల కొట్టారు. పిల్లల ఆటస్థలం అదే. ఖాళీ ఫ్లాట్లలో ముఠాలు చేరాయి. ఈ టవరు ఒకరిది, ఆ టవరు ఇంకొకరిది. తుపాకీ మోగితే కిటికీకి దూరంగా నేలమీద పడుకోవాలని పిల్లలకు ముందే నేర్పేవారు. 1981లో మేయర్ జేన్ బర్న్ స్వయంగా వచ్చి ఇక్కడే కాపురం పెట్టారు. మూడు వారాలపాటు. ఆవిడున్నన్నాళ్లూ పోలీసులకు కొదవలేదు... తర్వాత మామూలే.

1992 అక్టోబరు 13. ఏడేళ్ల పిల్లాడు పొద్దున్నే తల్లితో కలిసి జెన్నర్ స్కూలుకి బయల్దేరాడు. ఇంటి నుంచి రోడ్డు దాటితే బడి. పదో అంతస్తు కిటికీలోంచి ఎవడో ప్రత్యర్థి ముఠా మీదికి పేల్చిన తూటా వాడికి తగిలింది. దేశమంతా గగ్గోలెత్తింది. ముఠాలు కొన్నాళ్లు సంధి చేసుకున్నాయి. సర్కారు ఒక్కో టవరూ ఖాళీ చేయించడం మొదలుపెట్టింది. చిత్రమేమిటంటే, అన్నేళ్లు భయపడుతూ బతికినవాళ్లే కూల్చొద్దని కోర్టుకెక్కారు. పక్కింటామె కూరగిన్నె పట్టుకొచ్చేది, ఊరెళితే పిల్లల్ని చూసేది, అవన్నీ కొత్త చోట ఎక్కడ దొరుకుతాయి? 2011లో చివరి టవరూ పోయింది.

మిగిలినవి ఆ వరస ఇళ్లే. కొన్నిట్లో జనం ఉన్నారు, చాలావాటికి కిటికీలకు చెక్కలు కొట్టి కంచె వేశారు. ఆ కంచెవైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. మా అబ్బాయి ఫోను చూసుకుంటున్నాడు. వాణ్ని తప్పు పట్టలేను, చూడ్డానికి నిజంగానే ఏమీ లేదు.

జెన్నర్ బడి మాత్రం ఉంది, పేరు మారింది. 2018లో దాన్ని గోల్డ్‌కోస్ట్ వైపున్న ఆగ్డెన్ స్కూల్లో కలిపేశారు. పావుగంట నడక దూరంలో ఉన్న రెండు లోకాల పిల్లలు ఒకే బడిలో కూర్చోవడానికి అన్నేళ్లు పట్టింది.

మాతో వచ్చిన మనవడికీ ఏడేళ్లే. బడి ముందు రోడ్డు దాటుతూ వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

‘సిగ్నల్ పడింది కదా తాతయ్యా, వదులు’ అన్నాడు.