‘గిదేం రూల్ డాడీ?’ అని అడిగితే...



మీ పిల్లల బ్యాగులో ఇరవై ముఖాల పాచిక ఒకటి కనిపిస్తే కంగారు పడకండి. అది డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటది. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి, కాలనీలోని మరో నలుగురు పిల్లలు ప్రతి ఆదివారం సాయంత్రం గోదావరిఖనిలోని మా క్వార్టర్ వరండాలో రెండు గంటలు ఈ ఆట ఆడతారు. ఫోన్ ఉండదు, టీవీ ఉండదు. కాగితాలు, పెన్సిళ్లు, పాచికలు, బోలెడన్ని మాటలు ఉంటాయి.

‘రాక్షసులు, మంత్రాలు అంటున్నారు, చదువు పాడవదా?’ అని కొందరు తల్లిదండ్రులు నన్ను అడిగారు. వారికి నేను చెప్పిన సంగతే మీతోనూ పంచుకుంటున్నాను.

ముందు ఆట గురించి రెండు మాటలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని తీసుకొచ్చారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర వేస్తారు: యోధుడు, మంత్రగాడు, దొంగ, వైద్యుడు. ‘నేను కోటగోడ ఎక్కుతా’ అంటే పాచిక వేయాలి. పడిన అంకెకు ఆ పాత్ర నేర్పును కలిపి, ఎక్కాడో కిందపడ్డాడో తేలుస్తారు. మన ఊళ్లలో పగటివేషాల వాళ్లు వేషంలో ఉండి మాట్లాడినట్టే, వీళ్లూ పాత్రలో ఉండి మాట్లాడతారు. అయితే ఇక్కడ కథ ముందుగా రాసిపెట్టి ఉండదు.

మావాడు ఆడటం మొదలుపెట్టిన వారానికే నన్నో ప్రశ్న అడిగాడు. ‘డాడీ, ఒక్క కత్తిపోటుకే మనిషి పోతడు గదా. మరి నా యోధునికి 30 పాయింట్లున్నయి. నాలుగు దెబ్బలు తిన్నా మామూలుగనే కొట్లాడుతున్నడు. గిదేం రూల్?’

ఇద్దరం కలిసి వెతికాం. ఆ పాయింట్ల లెక్కను ఓడల యుద్ధం ఆటకు రాసుకున్న నియమాల నుంచి తెచ్చానని ఆర్నెసన్ చెప్పారు. ఓడ ఒక్క గుండుకు మునగదు కాబట్టి అక్కడ ఆ లెక్క సరిపోయింది. మనిషి దగ్గరికి వచ్చేసరికి కారణం కావాల్సి వచ్చింది. 1979లో వచ్చిన పుస్తకంలో గైగాక్స్ దానికి జవాబు రాశారు. ఆ పాయింట్లు ఒంట్లోని రక్తమాంసాల లెక్క మాత్రమే కాదు, యుద్ధంలో నేర్పు, అదృష్టం కూడా అందులో కలిసే ఉన్నాయి అని.

మావాడికి ఇది సగమే ఎక్కింది. అప్పుడు అభిమన్యుడి సంగతి గుర్తు చేశాను. పద్మవ్యూహంలో ముందు అతని విల్లు విరిగింది. గుర్రాలు, సారథి పోయారు. కత్తి, డాలు పోయాయి. రథచక్రం ఎత్తాడు, అదీ పోయింది. గద పట్టాడు. ప్రాణం తీసింది చివరి దెబ్బే, కానీ ముందు పోయినవన్నీ ఆ దెబ్బకు దారి చేసినవే. ‘అంటే 30 నుంచి సున్నాకు వచ్చుడు గదే’ అన్నాడు వాడు.

రెండో ప్రశ్న మంత్రాలది. మంత్రగాడు రోజుకు ఇన్నిసార్లే మంత్రం వేయాలట. ఆట తొలినాళ్ల నియమాల్లోనైతే వేసిన మంత్రాన్ని వెంటనే మరిచిపోతాడు, మళ్లీ నేర్చుకోవాలి. ఎందుకని? జాక్ వాన్స్ అనే అమెరికన్ రచయిత 1950లో వచ్చిన తన పుస్తకంలో ఇలాంటి మంత్రగాళ్లను సృష్టించారు. గైగాక్స్ ఆ పద్ధతిని అక్కడి నుంచి తీసుకున్నారు. ఆ పుస్తకం పిల్లలకు తెలియదు, కర్ణుడు తెలుసు. అబద్ధం చెప్పి విద్య నేర్చినందుకు, అవసరమైన వేళకు అస్త్రమంత్రం గుర్తుకురాదని పరశురాముడు శపించాడు. ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నదాన్ని ఘటోత్కచుడి మీద వేయాల్సి వచ్చింది. పిల్లలు ఆ నియమాన్ని ఇక ‘కర్ణుని రూల్’ అనే పిలుస్తున్నారు.

ఇది మనకు కొత్త కాదు. పాత వైకుంఠపాళి పటంలో నిచ్చెనలకు సుగుణాల పేర్లు, పాములకు రాక్షసుల పేర్లు ఉండేవి. ఇప్పుడు షాపుల్లో దొరికే బోర్డుల మీద పేర్లు పోయి అంకెలే మిగిలాయి. ఎక్కడం, జారడం అలాగే ఉన్నాయి, ఎందుకో మాత్రం కనిపించదు. పులి మేక ఆటలో 3 పులులు, 15 మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది, మేక దూకలేదు. ఎందుకంటే అది మేక. దాని బలమంతా పక్కనున్న మేకను వదలకుండా నిలబడి పులికి దారి మూయడంలోనే ఉంది. ఈ సంగతి అర్థమైన పిల్లవాడికి ఆ ఆటలో నియమం విడిగా బట్టీ పట్టాల్సిన పనిలేదు.

ఈ ‘ఎందుకు’ను నేనింతగా పట్టించుకోవడానికి నా ఉద్యోగం ఒక కారణం. నేను భూగర్భ గనిలో పనిచేస్తాను. బాయి దిగేముందు బీడీ, అగ్గిపెట్టె, లైటర్ ఏమైనా ఉన్నాయేమోనని ఒళ్లు తడిమి చూస్తారు. కొత్తగా చేరిన కుర్రాడికి అది అవమానంగా అనిపించవచ్చు. గాలిలో మీథేన్ సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలని తెలిసిన రోజు నుంచి అతనే తన జేబులు చూసుకుని వస్తాడు. పైకప్పును కొట్టి చప్పుడు వింటాం. గట్టి కప్పు ఖంగుమంటుంది, పొర విడిన కప్పు డొల్లగా మోగుతుంది. సపోర్టు పెట్టని కప్పు కింద నిలబడొద్దనే మాట ఆ డొల్ల చప్పుడు ఒకసారి విన్నవాడికి మళ్లీ చెప్పనక్కర్లేదు. 1957 నాటి బొగ్గు గనుల నియమావళి స్థానంలో 2017లో కొత్తది వచ్చింది. యంత్రాలు మారాయి. గ్యాస్, పైకప్పు మాత్రం మారలేదు. సూపర్‌వైజర్ పక్కన లేనప్పుడు కూడా నియమం పాటించేవాడు దాని కారణం తెలిసినవాడే. మన పిల్లలు గని దిగకపోవచ్చు. రేపు హాస్టల్లో, రోడ్డు మీద, ఆఫీసులో మనం పక్కన ఉండం.

అలాగని ప్రతి నియమానికీ కథలోనే కారణం దొరకదు. కొన్ని ఆ లోకానివి కావు, చుట్టూ కూర్చున్న మనుషులవి. వంతు తప్పొద్దు, ఇంకొకరి పాచిక ముట్టొద్దు, కథ నడిపేవారి మాట ఆ పూటకు అందరూ ఒప్పుకోవాలి. ఈ రెండు రకాలకూ తేడా పిల్లలకు వేసవి సెలవుల్లో తెలిసింది.

దొంగ పాత్ర వేసే బాబు, వైద్యురాలి పాత్ర వేసే పాప సంచిలోంచి మందు సీసా కొట్టేశాడు. పాచిక బాగానే పడింది. తర్వాతి యుద్ధంలో ఆ మందు లేక వైద్యురాలు చనిపోయింది. నాలుగు నెలలుగా పెంచుకున్న పాత్ర. పాప ఏడుస్తూ వెళ్లిపోయింది, రెండు ఆదివారాలు రాలేదు. ‘రూల్ల ఉంది గదా అంకుల్, దొంగంటే దొంగతనమే చేస్తడు’ అన్నాడు ఆ బాబు. ఆ లోకంలో వాడి మాట నిజమే.

వరండాలో కూర్చుని బియ్యం ఏరుతున్న మా అమ్మ తలెత్తకుండానే అడిగింది. ‘ధర్మరాజు ఓడింది గూడ జూదం రూల్ ప్రకారమే గదరా. ద్రౌపది ఏమడిగింది మరి?’

‘తనను తాను ఓడిపోయినంక నన్నెట్ల ఒడ్డిండు అని’ అన్నాడు మావాడు.

‘సభ నిండ పెద్దోళ్లే ఉన్నరు. ఆమె దిక్కు మాట్లాడినోళ్లు ఎందరు?’

విదురుడు, వికర్ణుడు. అంతకుమించి పేర్లు పిల్లలకు తట్టలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వాళ్లే నోట్‌బుక్ చివరి పేజీలో ఒక నియమం రాసుకున్నారు. తోటి ఆటగాడి పాత్రకు నష్టం చేసే పని ఏదైనా, పాచిక వేసేముందు ఆ ఆటగాణ్ని అడగాలి. కింద నలుగురూ సంతకాలు పెట్టి, ఆ పేజీ చూపించడానికి పాప ఇంటికి వెళ్లారు. ఐదో సంతకం పాపది. పాత వైద్యురాలిని బతికిస్తామంటే మాత్రం ఆమె ఒప్పుకోలేదు. చచ్చినవాళ్లు లేచి రావడం ఆ కథలో లేదంది. కొత్త పాత్రతో మొదలుపెట్టింది.

ఆ నోట్‌బుక్ పేజీ చూశాక ‘ఎదురు ప్రశ్నలు వేస్తున్నాడు’ అనే ఫిర్యాదును నేను వేరేగా వింటున్నాను. నియమం ఎందుకని అడిగే పిల్లల్లో దాన్ని తప్పించుకోవాలని చూసేవాళ్లూ ఉంటారు, నిజంగా పట్టించుకునేవాళ్లూ ఉంటారు. జవాబు చెప్పి చూస్తేనే ఎవరెవరో తెలుస్తుంది. ‘అది రూల్, అంతే’ అంటే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు.

మీరు ఈ ఆట కొనాల్సిన పనిలేదు. ఈ ఆదివారం ఒక గంట కేటాయించి పులి మేక గీయండి, లేదా పేర్లున్న పాత వైకుంఠపాళి పటం సంపాదించండి. ఒక్కో పాము దగ్గర ఆగి, అది అక్కడే ఎందుకుందో పిల్లలనే చెప్పమనండి. మీకు తెలియనిదేదైనా అడిగితే ‘ఇద్దరం కనుక్కుందాం’ అనండి. అమ్మమ్మో నానమ్మో ఇంట్లో ఉంటే వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకోండి. మాకు చిక్కు తీరింది అక్కడే.