ఏడుపు ఆగిన తర్వాత

రెండేళ్ల పాపను న్యుమోనియాతో ఐసీయూలో చేర్చుకుంటే మొదటి రోజు ఏడుపుతో గది దద్దరిల్లుతుంది. తల్లి వెళ్లిన తలుపు వైపే చూస్తుంది, సెలైన్ సూది ఉన్న చేతిని విదిలిస్తుంది, పాలగ్లాసు నెట్టేస్తుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో సద్దుమణుగుతుంది. ఇంజెక్షన్ ఇచ్చినా పెద్దగా ఏడవదు. ‘పాప అలవాటు పడింది సార్’ అని రౌండ్స్‌లో సిస్టర్ చెబితే, జ్వరం తగ్గింది, ఆక్సిజన్ బాగుంది కాబట్టి ఎవరూ కాదనరు. ఆ సాయంత్రం తల్లిని పది నిమిషాలు లోపలికి పంపితే పాప ముఖం తిప్పేసుకుంటుంది. తల్లి బిత్తరపోతుంది. పిల్లల డాక్టర్లందరం చూసే కేసే ఇది. ఆ నిశ్శబ్దాన్ని కోలుకోవడం కింద జమకట్టడం వైద్యపరంగా తప్పని, పెంచిన మనిషి పక్కన ఉండటం చికిత్సలో భాగమని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ మౌనాన్ని సరిగ్గా చదివినవాడు లండన్ టావిస్టాక్ క్లినిక్‌లో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మనోవిశ్లేషకురాలు అన్నా ఫ్రాయిడ్ నడిపిన శిశుసంరక్షణాలయంలో బాయిలర్ పనికి చేరి, పిల్లల్ని గమనించడం అక్కడే నేర్చుకున్న మనిషి. తల్లికి దూరమైన పసివాళ్లు మొదట ఎదురుతిరుగుతారని, తర్వాత నిరాశలో కుంగిపోతారని, చివరికి తల్లి వచ్చినా పట్టనట్టు ఉండిపోతారని ఆయన గుర్తించాడు. 1952లో, హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న లారా అనే రెండేళ్ల పాప మీద సినిమా తీశాడు. నచ్చిన దృశ్యాలే ఏరుకున్నాడని అనిపించుకోకుండా రోజూ ఒకే వేళల్లో, గోడగడియారం కనబడేలా చిత్రించాడు. లారా పెద్దగా ఏడవదు. బొమ్మను పట్టుకుని పెదవి బిగబట్టుకుంటుంది. సినిమా చూసిన వైద్యులు చాలామంది మండిపడ్డారు. అయినా 1959లో, ఆసుపత్రుల్లోని పిల్లల బాగోగుల మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ, తల్లిదండ్రులను ఎప్పుడంటే అప్పుడు రానివ్వాలని సిఫార్సు చేసింది.

రాబర్ట్‌సన్ చూసినదానికి సిద్ధాంతం ఇచ్చినవాడు మనోవైద్యుడు జాన్ బౌల్బీ. అప్పటిదాకా ఫ్రాయిడ్ వర్గమూ, ప్రవర్తనవాదులూ ఒక్క విషయంలో ఏకీభవించేవారు: పాలిస్తుంది కాబట్టే బిడ్డకు తల్లి మీద మమకారం. 1958లో మనస్తత్వవేత్త హార్లో ప్రయోగంలోని కోతిపిల్లలు ఆ నమ్మకాన్ని కూల్చేశాయి. తల్లికి బదులు వాటికి తీగతో ఒకటి, గుడ్డతో ఒకటి బొమ్మలు పెట్టారు. పాలు తీగబొమ్మ దగ్గరే దొరికినా, రోజులో ఎక్కువసేపు గుడ్డబొమ్మనే కరచుకుని ఉన్నాయి. బౌల్బీ దృష్టిలో అనుబంధం ఆకలిలాగే ప్రాణరక్షణ కోసం పుట్టుకతో వచ్చేది, ఏడుపు పెద్దల్ని రప్పించే సంకేతం. ఎంత పిలిచినా ఎవరూ రాకపోతే పిలుపు ఆగిపోతుంది. ఆ ఆగిపోవడాన్నే మనం కేస్ షీట్‌లో ‘ప్రశాంతంగా ఉంది’ అని రాసుకుంటున్నాం.

దీనికి బలమైన అభ్యంతరాలే ఉన్నాయి. తల్లి ఆలన లేని అనాథాశ్రమ శిశువులు కుంగిపోతారని 1945లో మనోవైద్యుడు స్పిట్జ్ చెప్పిన పరిశీలనలో అంటురోగాలు, పోషణలోపం కలగలిసిపోయాయని విమర్శకులు అన్నారు. ఆ మాట న్యాయమైనదే. ఆ లోటును రొమేనియాలోని బుకారెస్ట్ అధ్యయనం తీర్చింది. అనాథాశ్రమాల్లోని 136 మంది పసివాళ్లలో సగం మందిని లాటరీ పద్ధతిలో పెంపుడు కుటుంబాలకు పంపితే, వాళ్ల తెలివితేటలు, అనుబంధాలు మెరుగుపడ్డాయి, రెండేళ్లలోపు వెళ్లినవాళ్లవి మరీ ఎక్కువగా. ఆశ్రమంలో గడిచిన ఏళ్లకీ ఐసీయూలో గడిచే వారానికీ పోలికేమిటని అడగవచ్చు. పోల్చకూడదు. ఒక్కసారి, కొద్దిరోజులు ఆసుపత్రిలో ఉన్నంత మాత్రాన పెద్దయ్యాక చేటు జరుగుతుందని ఆధారాలు చెప్పవు; 1970ల నాటి బ్రిటిష్ అధ్యయనాల్లో తర్వాతి ప్రవర్తన సమస్యలతో ముడిపడి ఎక్కువగా కనిపించింది పదేపదే చేరడం. కానీ తలసీమియా, నెఫ్రోటిక్ సిండ్రోమ్, పుట్టుకతో గుండెజబ్బు ఉన్న పిల్లలు పదేపదే చేరేవాళ్లే. వాళ్ల సంగతేమిటి?

ఇన్‌ఫెక్షన్ భయం ఇంకో అభ్యంతరం. భారత్‌తో సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన కంగారూ కేర్ ట్రయల్ దీనికి జవాబు. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది నవజాత శిశువుల్లో, పుట్టిన వెంటనే తల్లి గుండెకు హత్తుకుని నవజాత శిశు ఐసీయూలోనే పెరిగినవాళ్లలో 28 రోజుల్లోపు మరణాలు 12 శాతం. స్థిమితపడ్డాకే తల్లి ఒడికి చేరినవాళ్లలో 15.7 శాతం. సెప్సిస్ అనుమానించిన కేసులూ తల్లి దగ్గర ఉన్నవాళ్లలోనే తక్కువ. నలుసంత బిడ్డలకే తల్లి స్పర్శ మేలు చేసినప్పుడు, చేతులు కడుక్కుని వచ్చిన అమ్మను రెండేళ్ల పాప మంచం దగ్గర ఉండొద్దనడానికి కారణం కనబడదు.

ఇదంతా తల్లుల మీదే భారం మోపే సిద్ధాంతం అన్న విమర్శను నేను తోసిపుచ్చను. 1972లో మనోవైద్యుడు మైకేల్ రటర్ బౌల్బీని సరిదిద్దింది ఇక్కడే: బిడ్డ ఒకరికంటే ఎక్కువమందితో అనుబంధం పెంచుకోగలదు, బిడ్డ ప్రధానంగా అల్లుకునే మనిషి కన్నతల్లే కానక్కర్లేదు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్ వెళ్లిన అమ్మల పిల్లలకు, పాలమూరు నుంచి వలసపోయిన కూలీల పిల్లలకు అమ్మమ్మో నాయనమ్మో ఆ మనిషి. అందుకే చేర్చుకునేటప్పుడు ‘ఈ పాప రాత్రిళ్లు ఎవరి పక్కన పడుకుంటుందమ్మా?’ అని అడిగి, అటెండెంట్ పాస్ వాళ్ల పేరు మీదే ఇవ్వాలి. రక్తం తీసేటప్పుడు, నెబులైజర్ పెట్టేటప్పుడు పాపను వాళ్ల ఒళ్లోనే ఉండనివ్వాలి. వాళ్లు ఉండలేకపోయిన రాత్రి గడిచాక, పాప ఎంత తిన్నదీ, ఎంత నిద్రపోయిందీ రాసే చోటే, ఏడ్చిందా, అసలు ఏడవలేదా అన్నదీ రాయాలి.